రెండు వీధులు, ఒక జపాను అక్షరం

జోడుగుట్టలపల్లి గ్రామస్థులందరికీ తెలియజేయడమేమనగా, పద్నాలుగేళ్లు మొదలు డెబ్బై ఏళ్ల వరకూ గల ప్రతి ఒక్కరూ నలభై రోజుల్లోగా జపాను దేశపు అక్షరం ఒకదానిని, దాని అర్థంతో సహా, పలికే తీరులతో సహా, వాడుకలోని మూడు మాటలతో సహా నేర్చుకొని తీరవలెను. 2003 వేసవిలో ఈ మేరకు ఊళ్లో దండోరా వేయించారు. రెండుసార్లు వేయించారు. పై వీధికి ఒకటి, కింది వీధికి ఒకటి.

రెండుసార్లు ఎందుకని అడిగేవారు సీమకు కొత్తవారై ఉండాలి. పై వీధి బయ్యన్నది, కింది వీధి రామాంజులుది. ఇద్దరూ దాయాదులు. తాతలు ఒక గట్టు దగ్గర మొదలుపెట్టిన తగాదాను మనవలు ఎంతో శ్రద్ధగా కాపాడుకొస్తున్నారు. ఊళ్లో రెండు టీకొట్లు, ఇద్దరు మంగళ్లు, ఇద్దరు వినాయకులు. కంబదూరు బస్సు నూరడుగుల తేడాలో రెండుచోట్ల ఆగుతుంది. వాన ఒక్కటే రెండు వీధులకూ సమానంగా ఎగ్గొట్టేది. అందులోనూ ఎదుటివాళ్లే ఏదో చేయించారని ఇరువర్గాలకూ గట్టి నమ్మకం.

అన్నీ రెండేసి ఉన్న ఆ ఊళ్లో హైస్కూలు మాత్రం ఒక్కటి కూడా లేదు. మంజూరైన ప్రతిసారీ ఏ వీధిలో కట్టాలన్న దగ్గర కాగితం ఆగిపోయేది. అయిదో తరగతి అయిపోతే మగపిల్లలు సైకిళ్లెక్కి పక్క మండలానికి పోయేవారు, ఆడపిల్లలు చేలోకి పోయేవారు. ఆ ఏడు అయిదో తరగతిలో ఆడపిల్లలు పదకొండు మంది. వాళ్లకు పాఠం చెప్పే జ్యోతిలక్ష్మి ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. పైవాళ్లు చెప్పిన పని చెప్పినట్టు చేస్తే మంచి జరుగుతుందని పుస్తకాల్లో చదువుకుంది. చదువుకున్నది నమ్మింది కూడా.

కొట్లాటలున్న ఊళ్లను ఏరి బడులు కట్టించే జపాను సంస్థ ఒకటి జోడుగుట్టలపల్లి అర్హతలు పరిశీలించి ముచ్చటపడింది. ఆరు గదుల హైస్కూలు ఇస్తామంది. షరతులు రెండే. ఊరంతా ఒక స్థలానికి ఒప్పుకోవాలి. గుమ్మం మీద చెక్కే అక్షరం ఊరంతటికీ వచ్చి ఉండాలి. ఆ అక్షరం 和. దాని అర్థం సామరస్యం.

మండలాధికారి ఒక జిరాక్సు కాగితాన్ని జ్యోతిలక్ష్మి చేతికిచ్చి, "నలభై రోజుల్లో ఊరికి సామరస్యం నేర్పించి, సంతకాలు తీసుకొని ఆఫీసులో ఇచ్చెయ్యమ్మా" అన్నాడు. పదకొండు మందినీ తలచుకొని ఆమె సరేనంది.

పాత బడికి రెండు తలుపులుండడం వల్ల తరగతి సాధ్యమైంది. పై వీధివారు ఎడమ పక్క, కింది వీధివారు కుడి పక్క కూర్చున్నారు. జ్యోతిలక్ష్మి నల్లబల్ల మీద అక్షరం రాసి, "ఎడమ పక్కనుండేది కంకి. కుడి పక్కనుండేది నోరు. గింజ నోటికి అందితే..." అంటుండగానే రామాంజులు మనిషి మద్దిలేటి లేచాడు.

"ఏమ్మా, కంకి వాళ్ల పక్కకేసి నోరు మా పక్కకేసినావే? వాళ్లు తింటాంటే మేం నోరు తెర్సుకోని సూస్తా ఉండల్లనా?"

బయ్యన్నకూ కోపం వచ్చింది. "నోరు వాళ్లకిస్తే ఊళ్లో మాట్లాడేదంతా వాళ్లే గదా! మేమేమన్నా మేత మేసే ఎద్దులమా?"

తగాదాలు తీర్చడానికి రెండు వీధుల పెద్దలతో వేసి ఉన్న శాంతి సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అక్షరాన్ని కదపడం జపానుతో వ్యవహారం గనుక మనుషులనే కదపాలని తీర్మానించింది. సరి రోజుల్లో కంకి పై వీధికి, బేసి రోజుల్లో కింది వీధికి. ముప్పై ఒకటి వెంటనే ఒకటో తేదీ, వరసగా రెండు బేసి రోజులు వచ్చినప్పుడు ఏం చేయాలన్న దాని మీద ఉపసంఘం వేశారు.

తర్వాత పలికే తీరులు. ఈ అక్షరాన్ని చైనా నుంచి తెచ్చుకున్న పలుకులో 'వా' అంటారు, మనసు నెమ్మదించిందని చెప్పే సొంత పలుకులో 'నగోము' అంటారు, జపానువాళ్లకు రెండూ కావాలి అని జ్యోతిలక్ష్మి ఓపికగా చెప్పింది. జపానువాళ్లకు కావచ్చు. ఇక్కడ చీటీలు వేశారు. 'వా' పై వీధికి వచ్చింది, 'నగోము' కింది వీధికి పోయింది. వారం తిరక్కుండానే పై వీధి టీకొట్టులో నోరుజారి 'నగోము' అన్నవాడికి టీ పోయడం మానేశారు.

మాటల దగ్గర అసలు చిక్కు వచ్చింది. కాగితంలో ఉన్నవి మూడు: 'హేవా' అంటే శాంతి, 'వాకాయ్' అంటే రాజీ, 'వాషోకు' అంటే జపాను భోజనం. మూడింటిలోనూ 'వా' పలుకే ఉందని కింది వీధి పసిగట్టింది. "శాంతీ వాళ్లకే, రాజీ వాళ్లకే, కడాకు కూడు గూడా వాళ్లకేనా?" అని రామాంజులు తరగతి బహిష్కరించాడు. జ్యోతిలక్ష్మి బస్సెక్కి అనంతపురం పోయి, రెండు రోజులు తిరిగి, ఒక నిఘంటువు పట్టుకొని 'నగోయాక' అనే మాట తెచ్చింది. కలుపుగోలుతనం అని దానర్థం. "ఒగటేనా?" అన్నాడు రామాంజులు. అదే నిఘంటువులో ఈ అక్షరానికి కూడిక అనే అర్థం కూడా ఉంది. దాన్ని మాత్రం మాకు కావాలంటే మాకు కావాలని ఎవరూ అడగలేదు.

పురోగతి సమీక్షకు వచ్చిన మండలాధికారి పొంగిపోయాడు. "గ్రామ ప్రజలారా! సామరస్యాన్ని ఇరువర్గాలూ ఇంత పోటాపోటీగా సాధించడం జిల్లాలోనే అపూర్వం!" అని ప్రసంగించాడు. చప్పట్లు ముందు ఎడమ పక్క నుంచి, అవి ఆగాక కుడి పక్క నుంచి వచ్చాయి. ఆ ఊపులోనే రెండు వీధుల నడుమనున్న ప్రభుత్వ స్థలానికి ఇద్దరు నాయకులూ సంతకాలు చేశారు. అవతలివాడు ఎలాగూ ఒప్పుకోడని ఎవరికి వారు ధైర్యంగా చేసిన సంతకాలవి.

ఇక మిగిలింది జపాను అతిథి రావడమే. ఆయన ఎదుట ఒకే పలక మీద ఒక పిల్ల కంకి, ఇంకో పిల్ల నోరు రాసి చూపాలి. పై వీధి తిమ్మక్క కూతురు ఆశ్రితను, కింది వీధి మద్దిలేటి కూతురు ప్రశాంతిని జ్యోతిలక్ష్మి ఒక చాప మీద కూర్చోబెట్టింది. నాలుగు రోజులకు పదకొండు మందీ ఆ చాప మీదికే జరిగారు. అయిదో రోజు ఒకరి చిత్రాన్నం ఇంకొకరు తిన్నారు. ఆరో రోజు ప్రశాంతి భుజం మీద చెయ్యేసి ఆశ్రిత కింది వీధి గుండా నడిచిపోయింది.

అతిథి వచ్చే రోజు పొద్దున బడి అరుగు మీద ఊరు కనీవినీ ఎరుగని దృశ్యం కనబడింది. బయ్యన్న, రామాంజులు పంతొమ్మిదేళ్ల తర్వాత ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

"ఏమప్పా రామాంజులూ, అక్షరమంటే నేర్సుకుంటిమి. పిల్లోళ్లను కలపమని ఎవురు జెప్పినారు?"

"ఇప్పుడు కలిసి తింటారు, రేపు కలిసి మాట్లాడుకుంటారు. ఆపైన మన మాట ఎవురింటారు బయ్యన్నా?"

టీచరమ్మను తక్షణం ఊరు దాటించాలని అర్జీ రాయించారు. జ్యోతిలక్ష్మి చేతులు జోడించింది. "అన్నా, ఈ పొద్దొక్కటి ఆగండన్నా. బడి వచ్చినాక నేనే పోతాను."

"బడి యాడికి పోతుందిలేమ్మా," అన్నాడు బయ్యన్న ఆదరంగా. "ముందు నువ్వు పో."

"పిల్లోళ్లు ఒగ చాప మీద కూసుంటే ఏం పాయె సామీ?" అని తిమ్మక్క గడప దగ్గర్నుంచి అడిగింది. ఆమె మాట అర్జీలో చేరలేదు.

సరిగ్గా ఇద్దరూ ఒక కాగితం మీదికి వంగి సంతకాలు పెడుతుండగా జీపు వచ్చి ఆగింది. అతిథి ఆ రెండు నెరిసిన తలలను చూసి నిలబడిపోయాడు. అదేం కాగితమని అడిగించాడు. "గ్రామస్థులు ఏకగ్రీవంగా చేసుకున్న తీర్మానం" అన్నాడు మండలాధికారి. అందులో అబద్ధమేమీ లేదు. అతిథి కళ్లు తుడుచుకొని నడుం దాకా వంగి దండం పెట్టాడు. పలక ఎవరూ అడగలేదు.

నెలకు ఉత్తరం వచ్చింది. జోడుగుట్టలపల్లి సామరస్యాన్ని సంపూర్ణంగా సాధించినందుకు సంస్థ అభినందనలు తెలిపింది. తమ బడులు కొట్లాటలున్న ఊళ్లకు మాత్రమే గనుక ఆరు గదులనూ ఇంకా తలలు పగలగొట్టుకుంటున్న మరో ఊరికి ఇచ్చినట్టు విచారంతో తెలియజేసింది. ప్రశంసాపత్రం రెండు ప్రతులు పంపింది. జ్యోతిలక్ష్మిని అప్పటికే ఇంటికి పంపేశారు.

సంతకాలైన స్థలం వృథా పోలేదు. బయ్యన్న, రామాంజులు కూడబలుక్కొని అందులో విత్తనాల వేరుశెనగ వొలిచే షెడ్డు వేశారు, సగం సగం వాటా. అయిదో తరగతి అయిన పదకొండు మంది ఆడపిల్లలూ అందులో కూలికి చేరారు. పై వీధి, కింది వీధి అన్న తేడా లేకుండా ఒకే టార్పాలిన్ పట్ట మీద, ఒకే రాశి చుట్టూ, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారని ఇంతవరకూ ఒక్క అర్జీ రాలేదు. అక్కడ వొలిచిన గింజలు చాలా నాణ్యమైనవని, విత్తనానికి పోగా మిగిలినవి పట్నాలకు వస్తాయని చెబుతారు. ఈ మధ్య మీ ఇంట్లో ఇడ్లీలోకి చట్నీ బాగా కుదురుతోందంటే, కారణం అదే కావచ్చు.