బొటనవేలికి పాయా వైద్యం

ఆ సోమవారం నజీర్ అహ్మద్ వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. పొద్దున ప్యాంటు, సాయంత్రానికి కోటు ముందు భాగాలు, మంగళవారం వీపు, కాలరు, బుధవారం చేతులు, గురువారం గుండీలు, ఇస్త్రీ. శుక్రవారం సింహాచలం కొండమీద స్నేహితుడు గురునాథరావు తమ్ముడి పెళ్ళి. పెళ్ళికొడుకు ఆ టెరీవూల్ సూటు వేసుకునే కారెక్కాలి. వన్‌టౌన్‌లో పాతికేళ్ళుగా బట్టలు కుడుతున్న నజీర్ ఇంతవరకు ఒక్క ముహూర్తానికీ మాట తప్పలేదు.

మంచం దిగబోయి కుడికాలు నేల మీద మోపగానే ప్రాణం జివ్వుమంది. బొటనవేలు మొదలు దగ్గర ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా భరించలేనట్టుంది. ఇంటి ముందుగదిలో ఉన్న షాపు తెరవకుండానే రిక్షా ఎక్కి డాక్టర్ రమణమూర్తి దగ్గరికి వెళ్ళాడు.

"ఇది గౌటు," అన్నాడు డాక్టరు. "రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై కీలులో చేరింది. పాయా, కార్జం, రొయ్యలు ముట్టుకోకండి. నీళ్ళు బాగా తాగండి. ఈ మాత్రలు వేసుకుని రెండు రోజులు కాలికి విశ్రాంతినివ్వండి. జాగ్రత్తగా ఉంటే హాయిగా బతకొచ్చు."

తిరుగు రిక్షాలో నజీర్ దిగులంతా వేలు గురించి కాదు, పాయా గురించి. ఆయన భార్య సర్దార్ బీ చేసే మేక కాళ్ళ సూపుకి వీధి వీధంతా పేరుంది. నిజం చెబితే రేపట్నుంచి కంచంలో సొరకాయే. అందుకని డాక్టరు రాసిచ్చిన చీటీ, మాత్రలతో సహా కత్తెర సొరుగులో దాచి, ఇంట్లో ఇంకో మాట చెప్పాడు.

"మెట్టు మీద కాలు మడత పడింది."

"ఎముక సిట్లిందేమో," అంది సర్దార్ బీ కంగారుగా. "ఎముకకి ఎముకే మందు. ఇప్పుడే పాయా పెడతాను."

ఒక్క గిన్నెతో ఏమవుతుందిలే అనుకున్నాడు నజీర్. మంగళవారానికి వేలు టమాటాలా పండింది.

సూటు సంగతి కనుక్కుందామని గురునాథరావు వచ్చాడు. హార్బరులో పనిచేసే అతను నజీర్‌కి పాత స్నేహితుడు, బావా అని పిలుచుకునే చనువు. మూలుగు వినగానే వచ్చిన పని మరిచిపోయాడు.

"ఎముకిరిగితే సెప్పొద్దా బావా? మాయమ్మ ఎండు రొయ్యల పులుసు పంపుతాది. రొయ్యలో కాల్షియం ఉంటాదంట."

"ఇరగలేదు బావా, మడత పడిందంతే."

"మొగమాటపడకు. నాను సూసుకుంతాను."

అన్నట్టే మధ్యాహ్నానికి పులుసు వచ్చింది. ఆ ముసలామె చేతులారా పంపింది తినకపోతే బాగుండదని తిన్నాడు. బాగుంది కూడా.

బుధవారం ఈ కబురు తగరపువలసలో ఉన్న అత్తగారు మదీనా బీ చెవిన పడింది. ఇక్కడ బయల్దేరినప్పుడు చిట్లిన ఎముక అక్కడికి చేరేసరికి రెండు ముక్కలైంది. ఆవిడ ఎనిమిది కాళ్ళ పాయా క్యారియరులో పోసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని దిగింది.

"తాగు బేటా. సిగ్గుపడకు," అని ఎదుట కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

ఆ సాయంత్రం నజీర్ మిషన్ తొక్కుడు పలక మీద కాలు పెట్టి ఒక్కసారి నొక్కాడు. రెండోసారి నొక్కలేకపోయాడు. మంగళవారం దాకా పళ్ళ బిగువున మిగతాదంతా కుట్టాడు గానీ, కోటుకి ఇంకా చేతులు లేవు. పాతికేళ్ళ మాట మొదటిసారి పోయేలా ఉందని ఆయనకి ఏడుపొచ్చింది.

గురువారం పొద్దున్నే గురునాథరావు మల్కాపురం నుంచి జోగమ్మని తీసుకొచ్చాడు. విరిగిన ఎముకలకి కట్టు కట్టడంలో ఆవిడ దిట్ట. వెదురు బద్దలు, నూనె సీసా కింద పెట్టి బొటనవేలిని ఒక్కసారి తాకింది. నజీర్ పెట్టిన కేకకి ఎదురింటి వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు.

"ఇది ఇరుగుడు కాదు బాబూ," అంది జోగమ్మ తాపీగా. "ఏటి తింతన్నావు?"

నజీర్ నోరు విప్పేలోపే మిగతా ముగ్గురూ తలా ఒకటి గర్వంగా చెప్పారు.

"మా ఇంటాయనకీ ఇదే ఒచ్చింది. మేక కాళ్ళు మానీసినాకే ఆయన కాలు బాగుపడింది. డాట్రు ఏటన్నాడు?"

తప్పక నజీర్ సొరుగులోంచి చీటీ తీశాడు. గురునాథరావు పైకి చదివాడు. మదీనా బీ క్యారియరు వైపు, అల్లుడి వైపు మార్చి మార్చి చూసింది.

"నా సూపంటే అంత ప్రేమ, మీ కాలంటే ఇంత పగా?" అంది సర్దార్ బీ. "సొరకాయ పెడితే నాను పరాయిదాన్ని అయిపోతానేటి? నిజం సెప్పుంటే సోమవారమే తగ్గడం మొదలయ్యేది."

నజీర్ గురునాథరావు వైపు తిరిగాడు. "రేపటికి సూటు అవ్వదు బావా," అన్నాడు తలవంచుకుని. "నన్ను క్షమించు."

గురునాథరావు గతుక్కుమన్నాడు. సర్దార్ బీ మాత్రం కొంగు బిగించి మిషన్ ముందు కూర్చుంది.

"పెళ్ళికి ముందు అమ్మ మిషన్ మీద ఊరందరివీ కుట్టినాను. మీరు సుద్దతో గీత గీయండి. నాను తొక్కుతాను."

నజీర్ రెండు దిండ్ల మీద కాలు పెట్టుకుని గీతలు గీశాడు. మదీనా బీ గుండీలు కుట్టింది. ఎడమచేతి కొలత అర అంగుళం తేడాగా ఉందని సర్దార్ బీ చూపిస్తే, ఆయన టేపు పెట్టి రెండుసార్లు కొలిచి ఒప్పుకున్నాడు. మిగిలిన పాయా ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. తనకి గౌటు లేదని చెప్పి జోగమ్మే తాగేసింది. సాయంత్రం నాలుగింటికి గురునాథరావు సూటు చేతిమీద వేసుకుని, జోగమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాడు.

మాత్రలకి, కూజాడు నీళ్ళకి, సొరకాయకి పదిరోజుల్లో వాపు తీసింది. నజీర్ రోజూ పొద్దున్నే సముద్రపు ఒడ్డు దాకా మెల్లగా నడిచి వస్తున్నాడు. సర్దార్ బీ సొరకాయలో కొత్తిమీర, మిరియాలు వేసి వండటం కనిపెట్టాక, కంచం చూసి ఆయన మొహం ముడుచుకోవడం కూడా తగ్గింది. కొండమీద ఆ కోటు చూసినవాళ్ళు గుడ్డలు పట్టుకుని వరసగా వచ్చారు. వచ్చినవాళ్ళంతా ఆ చేతులు కుట్టిందెవరని అడిగారు. కత్తిరింపు ఆయనది, మిషన్ ఆవిడది అయింది.

షాపుకి కొత్త బోర్డు రాయించేటప్పుడు ఎవరి పేరు ముందుండాలన్న ప్రస్తావన వచ్చింది. నజీర్ అహ్మద్ ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి, సుద్దముక్క సర్దార్ బీ చేతికిచ్చాడు.