ముక్కు దించే పలకలు

మీరు నవ్వనంటే ఒక సంగతి చెబుతాను. నవ్వినా చెబుతాననుకోండి, ఎలాగూ రేవులో అందరికీ తెలిసిపోయింది.

మాకో చిన్న చేపల పడవ ఉంది. మా పెళ్లి కంటే నాలుగేళ్లు పెద్దది. మా మామగారు దాన్ని కూతురికిచ్చారు. కూతుర్ని నాకిచ్చారు కాబట్టి పడవ కూడా నాదేనని నా వాదన. వారమంతా గడియారాలు బాగుచేసి, సెలవు రోజున అందులో వేటకు వెళతాను.

దానికో జబ్బుంది. మోటారు జోరందుకోగానే ముక్కు ఆకాశంలోకి లేస్తుంది. పైగా స్టీరింగు వెనక కుడివైపు ఉంది. అక్కడ నేను కూర్చుంటాను, నా ఒళ్లు మీరు చూస్తూనే ఉన్నారు. పడవ కుడికి ఒరుగుతుంది. ఈ రెంటికీ విరుగుడుగా పన్నెండేళ్ల నుంచి మా ఆవిడ ముందు ఎడమపక్కన ఐసు పెట్టె మీద కూర్చుంటోంది.

చిక్కంతా గాలితో వచ్చింది. ముందు కూర్చున్న మనిషి మాట గాలికి కొట్టుకొచ్చి తిన్నగా నా చెవిలో పడుతుంది. మెల్లగా పోనివ్వండి, అక్కడ రాయి ఉంది, టోపీ పెట్టుకోండి. నేనిచ్చే జవాబు మాత్రం వెనక్కి ఎగిరిపోతుంది, ఆవిడ దాకా చేరదు. ఇంట్లోనూ అదే వరస. సెలవు రోజైనా మొగుడి మాట చెల్లాలి కదా.

అందుకని గుట్టుగా ట్రిమ్ ట్యాబ్‌లు తెప్పించాను. పెద్ద వింతేం కాదు. పడవ వెనక, అడుగు అంచున, చెరో పక్క ఒక ఉక్కు పలక బిగిస్తారు. స్విచ్ నొక్కితే పలక కిందికి వంగుతుంది, నీళ్లు దాన్ని పైకి తోస్తాయి, వెనక భాగం లేచి ముక్కు దిగుతుంది. ఒక్క పక్కే నొక్కితే ఒరిగిన పడవ సర్దుకుంటుంది. ముందు మనిషి అక్కర్లేదు.

గోడ గడియారం సామాను వచ్చిందని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ పెట్టె విప్పి చాలాసేపు చూసింది.

"ఇంత పెద్ద ముళ్లున్న గడియారం ఎవరిదండీ?" అంది.

ఒప్పుకోక తప్పలేదు. పలకలు ఎందుకో, ఎలా పనిచేస్తాయో చెప్పాను.

"అయితే ఇక నేను రానక్కర్లేదన్నమాట."

"నీకూ కాస్త విశ్రాంతి ఉండాలి కదా."

ఆవిడ లోపలికి వెళ్లింది. ఐసు పెట్టె మీద వేసుకునే తన చిన్న పరుపు తీసుకొచ్చి, దులిపి, బీరువా మీద పెట్టేసింది. దించి మళ్లీ ఇచ్చేద్దామా అనిపించింది. కానీ అప్పటికే డ్రిల్లు చేతిలో ఉంది.

తోడుకి మోటారు మెకానిక్ వచ్చాడు. ఏం చెప్పినా పర్లేదంటాడని రేవులో ఆయన్ను పర్లేదు అనే పిలుస్తారు. పలకలు బిగించాం. తీగల దగ్గర కాగితం చూస్తే, ఎడమ స్విచ్ తీగ కుడి పలకకు, కుడి స్విచ్ తీగ ఎడమ పలకకు కలపమని ఉంది. అచ్చుతప్పన్నాను. పర్లేదన్నాడు. ఎడమది ఎడమకు, కుడిది కుడికి కలిపేసి, ఆ కాగితంలో ఎర రొయ్యలు పొట్లం కట్టాను.

అప్పుడే మా ఆవిడ ఫ్లాస్కుతో టీ తెచ్చింది. మా పనివైపు వంగి చూసి, "ఏమండీ, ఆ తీగలు..." అంది.

"పడవ సంగతి నాకొదిలెయ్. ఈ ఒక్క దాంట్లో నాకెవరూ ఏమీ చెప్పొద్దు."

"సరే," అని వెళ్లి గట్టు మీద కూర్చుంది.

మోటారు తిప్పాం. పర్లేదు ఎడమపక్కన కూర్చున్నాడు. ఎప్పటిలాగే పడవ కుడికి ఒరిగింది. ఎడమపక్క దిగాలి కదా అని ఠీవిగా ఎడమ స్విచ్ నొక్కాను. ఇంకాస్త కుడికి ఒరిగింది. చాలలేదేమోనని మళ్లీ నొక్కాను. పర్లేదు జారుకుంటూ వచ్చి నా ఒళ్లో కూర్చున్నాడు. ఆయన బరువు కూడా కుడికే చేరింది. పడవ కుడి చెంప నీళ్లకు ఆనించి, రేవు ముందే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

మొదటి చుట్టులో మా ఆవిడ కూర్చుని ఉంది. రెండో చుట్టులో లేచి నిలబడింది. మూడో చుట్టులో నా టీ తాగేస్తోంది. పర్లేదు నోట పర్లేదన్న మాట రాకపోవడం ఆ రోజే చూశాను. నాలుగో చుట్టుకి గాని మోటారు తగ్గించాలన్న బుద్ధి పుట్టలేదు.

తడిసి ముద్దై గట్టెక్కాం. పర్లేదు ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి పోయాడు. మా ఆవిడ పొట్లంలోని రొయ్యలు డబ్బాలో పోసి, కాగితం మోకాలి మీద సాపు చేసింది.

"అచ్చుతప్పు కాదండీ. ఎడమ ముక్కు దిగాలంటే కుడివైపు వెనక లేవాలి. నాన్న తన పాత పడవ సర్దడానికి చిన్నప్పుడు నన్నే అటూ ఇటూ జరిపేవాడు. ఆయన పలకను నేనే."

"మరి ముందే చెప్పొచ్చుగా."

"చెప్పొద్దన్నారుగా."

పది నిమిషాల్లో తీగలు మార్చేసింది. ఆ చేతులు చూస్తుంటే, ఈ మనిషిని ఇంట్లో వదిలి వెళదామనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. గాలికి నా మాట నీ దాకా చేరడం లేదనే ఈ పలకలు తెప్పించానని, నువ్వు లేకుండా నేను వెళ్లలేనని చెప్పేశాను. ఇంటికెళ్లి నీ పరుపు పట్టుకొస్తానన్నాను.

"సంచిలోనే ఉంది," అంది.

తీసి ఐసు పెట్టె మీద వేసింది. వేసి, తాను వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది.

"మీరు ముందు కూర్చోండి."

"పలకలున్నాయిగా, ముందు బరువెందుకే?"

"బరువుకి కాదు. పన్నెండేళ్లుగా మీ మాట నాకు వినపడలేదంటున్నారు కదా. అక్కడ కూర్చుంటే ప్రతి మాటా వినపడుతుంది. ఏం చెప్పాలనుకున్నారో ఇవాళ అంతా చెప్పండి. వింటాను."

కూర్చున్నాను. రెండు వేళ్లతో స్విచ్‌లు తాకింది, పడవ తీగ లాగినట్టు తిన్నగా సాగింది. పన్నెండేళ్ల జవాబులు దాచుకున్నవాణ్ణి, ఒక్కటీ గుర్తు రాలేదు. అంతలో ఆవిడ మోటారు జోరు పెంచింది. పెట్టె అంచులు రెండు చేతులా పట్టుకున్నాను.

"మెల్లగా పోనివ్వవే," అన్నాను. "అక్కడ రాయి ఉంది."

మాట గాలికి చక్కగా వెనక్కి వెళ్లింది. చేరిందని నాకు తెలుసు, ఎందుకంటే ఆవిడ నవ్వుతోంది. నవ్వుతూనే చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడలేదని సైగ చేసింది.