జూన్ నెల మంచు

ఈ జూన్ ముప్పయ్యో తేదీ సాయంత్రం ఆఫీసులు మూసేలోగా పెనోబ్‌స్కాట్ అనే మా తెగ భాషను సంపూర్ణంగా కాపాడి తీరతామని అమెరికాలోని మా మేన్ రాష్ట్ర వారసత్వ కమిషనర్ లివర్‌మోర్ గారు ప్రకటించారు. మా దీవిలో అందరం పొంగిపోయాం. ముత్తవ్వల కాలం నుంచీ ఆ భాషను మేమే కాపాడుకొస్తున్నాం గానీ, దానికో ఆఖరు తేదీ పెట్టుకోవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. చదువు లేకపోతే ఇంతే.

ఆ తేదీయే ఎందుకంటే, ఆ రోజుతో సర్కారు వారి బడ్జెట్ సంవత్సరం అయిపోతుందట. తర్వాత భాష మిగిలినా నిధులు మిగలవు.

కమిషనర్ గారు కార్ల బారుతో వంతెన దాటి వచ్చి, నేరుగా మా ఫిలొమీన్ అక్క ఇంటి ముందు దిగారు. మా పాత కథలు మా భాషలో మొదటి నుంచి చివరిదాకా చెప్పగలిగిన మనిషి ఇప్పుడు ఆవిడ ఒక్కతే. చలికాలం వస్తే సంఘం హాల్లో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పేది. పిల్లలకు నాలుగు మాటలు వచ్చాయంటే అక్కడ వచ్చినవే. పోయిన చలికాలం ఆ హాల్లో హీటరు చచ్చిపోయింది. నోట్లోంచి మాట కంటే ముందు ఆవిరి వచ్చేది. తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. అక్కకి ఎనభై దాటాయి. ఇంకెన్ని చలికాలాలు చెప్పగలదో ఆవిడకీ తెలీదు, మాకూ తెలీదు.

"భాషకు ఏం కావాలో అడగండమ్మా," అన్నారు కమిషనర్ గారు చేతులు చాచి.

"హీటరు," అంది అక్క.

ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. హీటరు భవనాల శాఖ కిందికి వస్తుందనీ, తన కిందికి భాష ఒక్కటే వస్తుందనీ ఓపిగ్గా వివరించారు. ముందు ఒక కథ రికార్డు చేయనిస్తే హీటరు సంగతి తానే స్వయంగా చూస్తానన్నారు. అక్క సరేనంది. కాకపోతే నేల మీద మంచు ఉన్నప్పుడే కథలు చెప్పాలి, ఎండాకాలం చెప్పకూడదు, ఇది మా పెద్దలు పెట్టిన కట్టడి అని కూడా చెప్పింది.

కమిషనర్ గారు సంప్రదాయాన్ని గౌరవించే మనిషి. వెంటనే సహాయకురాలి వైపు తిరిగారు.

"మంచు ఎప్పుడు పడుతుంది?"

"డిసెంబర్‌లో సార్."

"కొంచెం ముందుగా తెప్పించలేమా?"

"కనుక్కుంటాను సార్."

కనుక్కుంది కూడా. ఆ వారంలోనే నది అవతలి ఐస్ స్కేటింగ్ హాలు నుంచి గీకి తెచ్చిన మంచుతో లారీలు మా వంతెన దాటాయి. మా చెల్లెలి కొడుకు సబాటిస్ చలికాలమంతా దీవి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. మంచు తెచ్చి పరచమంటే వాడికి కాసేపు బుర్రకెక్కలేదు.

"పెద్దమ్మా, దీన్ని ఊరవతల పారబోసినందుకు ఇన్నాళ్ళూ నాకు జీతమిచ్చారు," అన్నాడు పార మీద గడ్డం ఆనించి. "ఇప్పుడు తెచ్చి పోసినందుకూ ఇస్తారట. ఇంత మంచి సర్కారు ఇంకెక్కడైనా ఉంటుందా?"

అక్క కుర్చీ చుట్టూ చాప వెడల్పున మంచు పరిచారు. మేమంతా దోమలు తోలుకుంటూ కూర్చున్నాం. ఫోటోలో చలి కనపడాలని కమిషనర్ గారు ఉన్ని కోటూ, చెవుల టోపీ వేసుకున్నారు. చెమట ధారలు కట్టినా చిరునవ్వు చెదరలేదు. నాయకుడంటే అలా ఉండాలి.

అక్క కాలి బొటనవేలితో ఆ మంచును తాకి చూసింది. "ఇది మంచేనా నాయనా?"

"ధ్రువీకరించామమ్మా."

"మరి హీటరు?"

"ముందు కథ కానివ్వండమ్మా. మంచు కరిగిపోతోంది."

అక్క మైకు దగ్గరికి లాక్కుని, కుర్చీ కింద నీళ్ళు మడుగు కట్టేదాకా మా భాషలో మాట్లాడింది. మా వాళ్ళందరూ తలలు దించేసుకున్నారు. కమిషనర్ గారు దాన్ని భక్తి అనుకుని తానూ దించారు. అయ్యాక కళ్ళు తుడుచుకుంటూ, ఈ భాష చెవికి అర్థం కాకపోయినా గుండెకు తెలిసిపోతుందని పత్రికల వాళ్ళతో అన్నారు. కథ దేని గురించని సబాటిస్‌ను అడిగారు.

"చలి గురించి సార్," అన్నాడు వాడు.

"ఎలా ముగుస్తుంది?"

"ఇంకా ముగియలేదు సార్."

అనుకున్న తేదీకి, సాయంత్రం ఆఫీసులు మూయక ముందే, మా భాషను కాపాడేసినట్టు ప్రకటన వెలువడింది. కాపాడేసిన భాషకు మళ్ళీ హీటరెందుకని భవనాల శాఖ వారు అడిగారట. న్యాయమైన ప్రశ్నే.

జనవరిలో మా పిల్లలతో సహా అందరినీ బస్సులెక్కించి రాజధానికి తీసుకెళ్ళారు. అక్కడ మా భాషకు పెద్ద మందిరం కట్టారు. బయట మోకాళ్ళ లోతు మంచు. లోపల ఎంత వెచ్చగా ఉందంటే, గుమ్మం దాటగానే పిల్లలు కోట్లు విప్పేశారు. ఒక గోడకు అక్క ఫోటో, దాని కింద 'సృష్టి పుట్టుక గాథ' అని ఇత్తడి అక్షరాలు. కమిషనర్ గారు మీట నొక్కారు. గోడలోంచి మా భాషలో అక్క గొంతు వచ్చింది.

"మా హాల్లో హీటరు పాడైపోయింది. పిల్లలు రావడం లేదు. ఈ కోటు ఆయనకి చెప్తే వినడం లేదు. కథ తర్వాత చెప్తాను, ముందు హీటరు బాగుచేయించండి..."

పెద్దమనుషులంతా కళ్ళు మూసుకుని విన్నారు. ఒకావిడ రుమాలు తీసింది. మా పిల్లలు మాత్రం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

అక్క కిటికీలోంచి నేల మీది మంచును చూసింది. పిల్లల్ని చూసింది. తర్వాత కోటు విప్పి మడిచి, తన ఫోటో కిందే నేల మీద కూర్చుని, పిల్లల్ని దగ్గరికి పిలిచి, అసలు కథ మొదలుపెట్టింది. పిల్లలు జరుక్కుంటూ చుట్టూ చేరారు. రెండు మాటలు అయ్యాయో లేదో, నీలం కోటు కాపలాదారు పరుగెత్తుకొచ్చి, ఎంతో మర్యాదగా వంగి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"అమ్మా, ఇక్కడ భాష నడుస్తోంది. దయచేసి మాట్లాడకండి."