వనపర్తి రోడ్ మేనమామ

ఆ పొద్దున శ్రవణ్ కుమార్ జొన్నరొట్టె తుంచుకుంటూ, ఈ నెల నుంచి రాకపోకల ఖర్చు తగ్గిస్తానని ప్రకటించాడు. ప్రకటించక తప్పలేదు. ఇల్లు గద్వాలలో, ఉద్యోగం వనపర్తిలో. బడులు తెరిచేలోగా ఖర్చు తగ్గకపోతే కాపురమే వనపర్తికి మారుద్దామని భార్య సుహాసిని ముందురోజే తేల్చి చెప్పింది.

మారడానికి ఇల్లు కూడా సిద్ధంగా ఉంది. అసలు భయం అదే. ఆఫీసులో తన పై అధికారి, సూపరింటెండెంట్ అనంతయ్యగారి మేడ మీద పోర్షన్ ఖాళీగా ఉంది. అనంతయ్య మంచివాడే. అయితే ఎంత మంచి అధికారయినా సాయంత్రం అయిదు తరువాత కనిపించకుండా ఉంటేనే ఆ మంచితనం నిలుస్తుంది. "పైన మీరుండుర్రి, కింద మేముంటం. పొద్దుగాల ఇద్దరం కలిసే పోవచ్చు. ఫైళ్ళ ముచ్చట తొవ్వలనే మాట్లాడుకోవచ్చు" అని ఆయన ఆశ పెట్టిన రోజు నుంచి శ్రవణ్ కుమార్‌కు అన్నం సహించడం లేదు.

"ఏడ తగ్గిస్తరు? రైలు పాసు తీసుకునుడు బంద్ చేస్తరా?" అంది సుహాసిని పెనం మీది రొట్టె తిప్పుతూ.

"పాసు లేకుంట ఎట్ల పోవాలె? జుర్మానా నువ్వు కడ్తవా?"

"నేననేది గదే. రైలు చౌకనే. రైలు దిగినంక అయ్యే ఖర్చే పిరం."

ఆమె లెక్క తప్పు కాదు. వనపర్తి రోడ్ అనే ఆ స్టేషన్‌లో దిగితే రోడ్డయితే కనిపిస్తుంది గాని వనపర్తి కనిపించదు. ఊరు చేరడానికి ఒక ఆటో, ఆపైన ఒక బస్సు. నెలంతా రైల్లో తిప్పే పాసు ఖరీదును ఆ ఆటోలూ బస్సులూ వారం తిరక్కుండానే మింగేస్తాయి.

"నేనైతే ఆడదాన్ని గాబట్టి ఆధార్ కార్డు సూపెట్టి బస్సుల ఫ్రీగ పోయి వస్త. మీకా భాగ్యం లేదాయె" అంది సుహాసిని.

"నా తాన ఉపాయమున్నది. మీ నాయిన ఇచ్చిన పాత ఎక్సెల్ బండి ఊకెనే పడున్నది గద. దాన్ని తీస్కపోయి స్టేషన్ కాడ పెడత. రైలు దిగుడు, బండెక్కుడు, ఆఫీసుకు పోవుడు. ఆటో లేదు, బస్సు లేదు."

"రాత్రి పూట బండి యాడ పెడ్తరు?"

"పక్కకే బండ్ల స్టాండున్నది. గని దానికి పైసలెందుకు దండుగ? ఎవరన్న మంచోళ్ళ ఇంటి ముంగట పెడత."

సుహాసిని మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడాన్ని అంగీకారంగా తీసుకోవడం శ్రవణ్ కుమార్‌కు పెళ్ళినాటి నుంచీ ఉన్న అలవాటు.

ఆదివారం బండి మీద బయలుదేరి వనపర్తి రోడ్ స్టేషన్ చేరాడు. స్టాండువాడు రసీదు పుస్తకం తీస్తుంటే చూడనట్టు ముందుకు పోయి, పట్టాల అవతల ఒక రేకుల షెడ్డు ముందు ఆగాడు. వాకిట్లో నర్సమ్మ అనే ఆవిడ పల్లికాయ ఎండబోస్తోంది.

"అక్కా, జర ఈ బండి మీ షెడ్డుల పెట్టుకోనిస్తవా? నెలకింతని ఇస్త."

నర్సమ్మ నడుము నిలబెట్టి అతణ్ణి కిందికీ మీదికీ చూసింది. "ఏ ఊరు మీది?"

"గద్వాల."

"అక్కా అంటివి, మల్ల పైసలంటివి. అక్కకు కిరాయిస్తరా ఎవరన్న? నాకు తోడబుట్టినోళ్ళు లేరు తమ్మీ. ఇయ్యాల్టి సంది నువ్వే నా తమ్మునివి. పెట్టుకో పో, ఎన్నొద్దులైన పెట్టుకో."

ఇంత సులువుగా పని అయిపోతుందని శ్రవణ్ కుమార్ అనుకోలేదు. ఆ సాయంత్రం రైలు కిటికీ పక్కన కూర్చుని, స్టాండుకు డబ్బు కడుతున్న వాళ్ళందరినీ తలచుకుని జాలిపడ్డాడు.

మొదటి వారం హాయిగా గడిచింది. రెండో వారం బండి సీటుకు పచ్చిగడ్డి అంటుకుని ఉంది. పెట్రోలు ఉండవలసినంత లేదు. విచారిస్తే నర్సమ్మ భర్త వెంకట్రాములు బర్రెలకు మేత తెచ్చాడని తెలిసింది.

"ఊకెనే నిలవెడితే బండి ఖరాబయితది బామ్మర్దీ. అందుకే జర తిప్పుతున్న" అన్నాడు వెంకట్రాములు, ఉపకారం చేసినవాడి ముఖంతో.

బావను పెట్రోలు డబ్బులు అడగడం ఎలాగో శ్రవణ్ కుమార్‌కు తెలియలేదు. పరాయివాడయితే అడిగేవాడే. పైగా నర్సమ్మ రోజూ ఏదో ఒకటి చేతిలో పెట్టేది. దానికి బదులు "తమ్మీ, గద్వాల నుంచి వచ్చేటప్పుడు జర..." అని ఏదో ఒకటి చెప్పేది. ఒకరోజు చాట, ఒకరోజు ఇత్తడి బిందె, ఇంకోరోజు కోళ్ళ గంప. పాసుల మీద తిరిగే తోటి ప్రయాణికులు అతని కోసం కిటికీ పక్క సీటు ఆపడం మానేసి, పైన సామాన్ల బల్ల ఆపడం మొదలుపెట్టారు.

"ఏంది శ్రవణన్నా, సంసారం జర జర మారుస్తున్నవా?"

"ఇంకా కట్టె మంచమే రావాలె. అది రేపు తెస్తడు!"

వాళ్ళు నవ్వుతుంటే అతడూ నవ్వాడు. ఆటో ఖర్చు లేదు కదా అని మనసుకు చెప్పుకున్నాడు.

అసలు కథ నర్సమ్మ పంపిన గిన్నెతో మొదలైంది. ఆ రోజు ఆమె సద్దరొట్టెలు, పుంటికూర పప్పు కట్టి ఇచ్చింది. మధ్యాహ్నం ఆఫీసులో మూత తీయగానే ఆ వాసన అనంతయ్యగారి బల్ల దాకా వెళ్ళింది. వాసన వెనకే ఆయనా వచ్చాడు.

"మీ ఇంటామె చేసిందా?"

బండి సంగతి, స్టాండు సంగతి, షెడ్డు సంగతి వివరించాలంటే భోజనం వేళ దాటుతుంది. అందుకని శ్రవణ్ కుమార్ చిన్న దారి చూసుకున్నాడు. "కాదు సార్, మా అక్క. స్టేషన్ కాడ ఉంటది."

"నీకు అక్కున్నట్టు చెప్పకపోతివి! పిల్లలెందరు?"

"ఒక్కతే బిడ్డ సార్. రేణుక. డిగ్రీ అయిపోయింది."

అనంతయ్య రొట్టె నమలడం ఆపాడు. ఆయన కొడుకు ఉదయ్ కిరణ్‌కు రెండేళ్ళుగా సంబంధాలు చూస్తున్నాడు. మరుసటి ఆదివారం, ఎవరికీ చెప్పకుండా, భార్యను వెంటబెట్టుకుని నర్సమ్మ వాకిట్లో దిగాడు. కులం, వరస, నక్షత్రం అన్నీ కలిశాయి. పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడే పని కూడా సక్రమంగా చేశారు. అంతటిలో ఆ కుటుంబానికి కలవనివాడు శ్రవణ్ కుమార్ ఒక్కడే.

సోమవారం అనంతయ్య అతణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. అలా జరగడం అదే మొదలు.

"సార్, ఒక్క మాట. నర్సమ్మక్క నాకు సొంత అక్క..."

"సొంత అక్క గాబట్టే గద నా ధైర్యం! వేరేటోళ్ళ పిల్లయితే వంద తీర్ల విచారించాలె. నీ మేనకోడలంటే నాకు ఫికరే లేదు. ఇగ నువ్వు నాకు వరుసకు తమ్మునివి, ఎరికేనా?"

అక్కడి నుంచి స్టేషన్‌కు పోయి నర్సమ్మ చేతనైనా నిజం చెప్పిద్దామనుకున్నాడు. ఆమె గడపలోనే ఎదురై అతని రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళలో నీళ్ళున్నాయి.

"నా బిడ్డకు మేనమామ లేడని సుట్టాలంత ఎన్ని మాటలంటుండిరి తమ్మీ! పందిట్లకు ఎవరు తోల్కొస్తరు, మేనమామ చీర ఎవరు పెడ్తరని. ఇప్పుడు రమ్మను. నా తమ్ముడే ఉన్నడని జెప్త."

ఆ ప్రాంతంలో పెళ్ళికూతురు మేనమామ పెట్టిన చీర కట్టుకునే పందిట్లోకి వస్తుంది. ఆ మేనమామది గద్వాల అయితే, చీర ఏ ఊరిదో వేరే చెప్పనక్కర్లేదు. శ్రవణ్ కుమార్ నోరు తెరిచాడు. నర్సమ్మ అందులో బెల్లం ముక్క పెట్టింది.

ఇంట్లో చెప్పడానికి మంచి సమయం కోసం అతడు చూస్తుండగానే సమయం తానే నడిచి వచ్చింది. ఒక మధ్యాహ్నం నర్సమ్మ, వెంకట్రాములు కుంకుమ భరిణె పట్టుకుని గద్వాలలో దిగారు. తలుపు తీసిన సుహాసినికి నర్సమ్మ నిండుగా బొట్టు పెట్టింది.

"మరదలా, మేనమామ పెండ్లామువి. నాలుగొద్దుల ముందే రావాలె. అన్నీ నువ్వే ముంగట నిలవడి చెయ్యాలె."

సుహాసిని ఏమీ బయటపడకుండా వాళ్ళకు మజ్జిగ ఇచ్చి, భోజనం పెట్టి, సాగనంపింది. తరువాత పెళ్ళిపత్రిక తీసి చదివింది. "మేనమామ: శ్రవణ్ కుమార్, గద్వాల" అని అందులో బంగారు రంగు అక్షరాలతో ఉంది. సాయంత్రం భర్త ఇంటికి రాగానే దాన్ని అతని చేతిలో పెట్టింది.

"మా అత్తకు మీరొక్కరే సంతానమని పెండ్లప్పుడు జెప్పిన్రు. ఈ అక్క ఎప్పుడు పుట్టింది?"

శ్రవణ్ కుమార్ ఆ రోజే కొని తెచ్చిన చీర సంగతితో సహా మొత్తం చెప్పాడు. సుహాసిని మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, "అంటే స్టాండువానికి నాలుగు పైసలియ్యలేక, బండి పెట్టినందుకు పట్టుచీర పెడ్తున్నరు" అంది.

"ఏం జెయ్యాలె మరి? నిజం జెప్తే సార్ సంబంధం ఇరగ్గొడ్తడేమో. ఆ పిల్ల గతేంది? జెప్పకుంటే చీర. ఎటు జూసినా పరేషానే. నువ్వే ఏదన్న జెప్పు."

"మోసం జేసి పిల్లనియ్యొద్దు. నిజం జెప్పాలె" అంది సుహాసిని. "గని చీర పెడ్తమని ఆ పిల్లకు ఆశ పెట్టినంక పెట్టకుంటనూ ఉండొద్దు. ఏం తెచ్చిన్రు, సూపెట్టుర్రి."

అతడు భయపడుతూ సంచిలోంచి చీర తీశాడు. సుహాసిని అంచు మడిచి వెలుగులో చూసింది.

"ఇది గద్వాల చీరనా? అంచు ఒంటికి అతికిన తీరు సూడుర్రి. రెండుసార్లు ఉతికితే ఊడి వస్తది. గద్వాల నుంచి వచ్చిన మేనమామ గిసొంటిది పెడ్తే ఊరి పరువేం గాను?"

మరునాడు ఆమె స్వయంగా నేతగాళ్ళ ఇంటికి పోయి, మగ్గం మీది నుంచి అప్పుడే దించిన పట్టుచీర ఎంచి తెచ్చింది. ఖర్చు తగ్గించే పథకం ఆ రోజుతో ఒక పెద్ద మలుపు తిరిగింది.

నిజం చెప్పే పని మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. శ్రవణ్ కుమార్ ఎప్పుడు నోరు తెరిచినా అనంతయ్య టీ తెప్పించేవాడు. అలా పెళ్ళిరోజు వచ్చేసింది.

పందిట్లో బాజాలు మోగుతున్నాయి. రేణుక ఆ చీరలో మెరిసిపోతోంది. శ్రవణ్ కుమార్ ఆమె చేయి పట్టుకుని నడిపించుకుని వచ్చాడు. పంతులు తాంబూలం అందుకుంటూ యథాలాపంగా అడిగాడు. "మేనమామగారి ఇంటిపేరేంది?"

"తెలుగోళ్ళు" అంది నర్సమ్మ, తన పుట్టింటివాళ్ళ ఇంటిపేరు చెబుతూ.

"పెబ్బేటి" అన్నాడు శ్రవణ్ కుమార్, అలవాటు కొద్దీ.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. బాజాలవాళ్ళు కూడా సరిగ్గా అప్పుడే ఊపిరి తీసుకోవడానికి ఆగారు.

"పెబ్బేటి శ్రవణ్ కుమారే" అన్నాడు అనంతయ్య నెమ్మదిగా. "సర్వీసు రిజిస్టర్ల నేనే రాసిన. మరి తెలుగోళ్ళెట్లయితడు? సొంత అక్కంటివి?"

నర్సమ్మ ముఖం పాలిపోయింది. అప్పుడు ఆడవాళ్ళ వరుసలోంచి సుహాసిని లేచి నిలబడింది.

"సార్, తప్పు మాదే. ఈయన తోడబుట్టిన తమ్ముడు కాదు. బండి పెట్టిన తమ్ముడు."

ఆమె రెండు ముక్కల్లో షెడ్డు సంగతి, రొట్టెల సంగతి చెప్పేసింది. పందిరంతా చెవులప్పగించి విన్నది. అనంతయ్య ఒకసారి చీరను, ఒకసారి శ్రవణ్ కుమార్‌ను చూశాడు.

"బండి పెట్టుకుంటనని వచ్చినోణ్ణి తమ్ముణ్ణి జేసుకున్నరు" అన్నాడు నర్సమ్మ వైపు తిరిగి. "నువ్వేమో శ్రవణ్ కుమార్, బండి పెట్టినందుకు పట్టుచీర పెడ్తివి. మీ ఇద్దర్ల ఎవరికన్న లెక్కలొస్తాయా?"

రేణుక ముందుగా కిసుక్కున నవ్వింది. పెళ్ళికొడుకు నవ్వాడు. తరువాత పందిరంతా నవ్వింది. "గిట్లాంటోళ్ళింట్ల పిల్లను జేసుకుంటే నా కొడుకు ఎన్నడు ఉపాసముండడు. కానియ్యి పంతులూ, లగ్గం దాటుతది!" అన్నాడు అనంతయ్య.

భోజనాల దగ్గర ఆయన శ్రవణ్ కుమార్‌ను పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు.

"నీకొక మాట జెప్పాలె. ఏమనుకోవద్దు. పైన పోర్షన్ నీకిస్తనని మాటిచ్చిన. ఇప్పుడు కొడుకు, కోడలు అండ్ల ఉంటమంటున్నరు. మాట తప్పినట్టాయె."

శ్రవణ్ కుమార్ ముఖాన్ని వీలైనంత దిగులుగా పెట్టాడు. "ఏం జేస్తం సార్. మా నసీబు గట్లున్నది" అని, నేరుగా పంక్తిలోకి పోయి బొబ్బట్లలాంటి బచ్చాలు మూడింటి మీద నెయ్యి పోయించుకుని తిన్నాడు. చాలా రోజులకు అన్నం సహించింది.

అప్పగింతలయ్యాక నర్సమ్మ సుహాసినిని పీట మీద కూర్చోబెట్టి, మేనమామ భార్యకు పెట్టవలసిన చీర ఒళ్ళో పెట్టింది. అదీ పట్టుచీరే. "నిజం జెప్పినా నువ్వు నా మరదలివే. తమ్ముడు ఎట్లయినా నా తమ్ముడే" అంది. సుహాసిని అలవాటుగా అంచు మడిచి చూసి, ఈసారి వంక పెట్టడానికి ఏమీ దొరకక కళ్ళు తుడుచుకుంది.

బడులు తెరిచారు. కాపురం గద్వాలలోనే ఉంది. ఆ చీరకు జాకెట్టు కుట్టించితే, కుట్టుకూలి మూడు నెలల రైలు పాసు కంటే కొంచెం ఎక్కువయింది.