మైనాకు గుండు కొట్టించిందెవరు?

"నేరస్థులారా, మూటాముల్లె సర్దుకోండి! తిరుపతిలో కోదండం ఉన్నాడు!"

ఈ ప్రకటన ఏ పేపర్లోనూ రాలేదు. కోదండమే తన ఇంటి మెట్ల మీద నిలబడి, భూతద్దం ఎత్తి పట్టుకుని, వీధంతా వినేలా చేసుకున్నాడు. ముప్పై ఏళ్ళు కొండ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. దిగొచ్చే గుండును చూసి అది ఏ ఊరి గుండో చెప్పగలనని ఆయన నమ్మకం. చెప్పింది ఎన్నిసార్లు తప్పినా నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. పక్కన అసిస్టెంటు సింగం, ఆయన మగకుక్క. గూఢచారికి ఆనవాళ్ళు ఉండకూడదని దాని మెడకు పట్టీ కూడా కట్టలేదు.

అప్పుడే ఇడ్లీలమ్మే పెంచలమ్మ ఆదరాబాదరాగా వచ్చింది. వెనకాలే ఆమె పెట్టింది తిని ఆమె గుమ్మంలోనే పడుకునే ఆడకుక్క మైనా.

"అన్నా, నాలుగు దినాలు మైనా కనపడల్యా. నిన్న వచ్చినాది. సూడు దీని వాలకం!"

భూతద్దం మైనా పొట్ట మీదికి వెళ్ళింది. అరచేతి మేర బొచ్చు నున్నగా గొరిగి ఉంది. ఎడమ చెవి కొస తెగి ఉంది. పొట్ట మీద కుట్టు గాటు కూడా ఉంది గానీ, గొప్పవాళ్ళకు చిన్న విషయాలు ఆనవు కదా.

"గుండు! చెవికుట్టు!" కోదండం ఎగిరి గంతేశాడు. "ఎవురో దీన్ని సొంత బిడ్డనుకోని పుట్టెంటికల మొక్కు తీర్చినారు పెంచలమ్మా!"

"కడుపు మీద గుండేంది అన్నా?"

"మొక్కులు సవాలక్ష రకాలమ్మా. గుండయింది, చెవులయింది. ఇంక మిగిలింది పెండ్లే!"

పెంచలమ్మ గుండె జారిపోయింది. "పెండ్లా! ఇంగోసారి పిల్లల్ని పెడితే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు. నేను యాడికి పోవాల?"

"ఆ పెండ్లి నేనాపతా!"

మర్నాడు పొద్దున్నే కోదండం చెత్తతొట్టి వెనక నక్కి, పెళ్ళివారి వాసన పట్టమని సింగాన్ని వీధిలోకి వదిలాడు. పెళ్ళివారు రాలేదు, వ్యాను వచ్చింది. వల పడింది. మెడకు పట్టీ లేని సింగం వీధికుక్కల లెక్కలో వ్యానెక్కేసింది.

"కిడ్నాప్!" అని అరిచి, వెనక పెంచలమ్మను ఎక్కించుకుని, కోదండం మోపెడ్ మీద వెంటపడ్డాడు. రేణిగుంట రోడ్డులో వ్యాను ఒక షెడ్డు ముందు ఆగింది. లోపల బోనుల నిండా పొట్ట గొరిగిన కుక్కలు, చెవి తెగిన కుక్కలు.

"ఇంతమందికీ మొక్కేనా?" నోరెళ్ళబెట్టాడు కోదండం.

"మొక్కు కాదండీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషను" అంది అక్కడి కుక్కల డాక్టర్ రెబెకా. "మళ్ళీ పట్టుకోకుండా గుర్తుకని చెవి కొస తీస్తాం, మత్తులోనే. మీ వీధివాటిని పోయిన వారమే చేశాం."

"అయితే మైనాకు ఇంక పిల్లలు పుట్టవా డాక్టరమ్మా?"

"పుట్టవు. గర్భసంచికి చీము పట్టే జబ్బు కూడా రాదు."

పెంచలమ్మ ఉన్నచోటే కూలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

కోదండానికి మాత్రం జాలి పొంగింది. "పాపం, నోరులేనిదాన్ని గొడ్రాలిని చేసినారే!"

"పాపమా?" పెంచలమ్మ లేచింది. "పోయినేడు ఏడు పిల్లల్ని పెట్టినాది. అందులో ఐదు పిల్లలు లారీల కింద పడినాయి. ఈ చేతులతోనే ఎత్తి పూడ్సినా. అబుడు యాడ ఉండినాది అన్నా నీ పాపం?"

కోదండం మాట మార్చి, బోనులో ఉన్న సింగాన్ని చూపించి అది తనదేనన్నాడు. రెబెకా ఒక కాగితం చాపింది. "సింగం మీదేనన్నారు కాబట్టి మీ సంతకం కావాలి. మగవాటికీ చేస్తేనే ఫలితం."

కోదండం రెండడుగులు వెనక్కి వేశాడు. "మా వోడా? వాడు మగోడమ్మా! పైగా బుద్ధిమంతుడు. ఆడవాళ్ళ వైపు తలెత్తి కూడా సూడడు!"

పెంచలమ్మ బోనులోకి వేలు చూపించింది.

"ఆ ఏడింటికీ అచ్చం ఇదే వంకర తోక అన్నా. నేను పూడ్సిన ఐదింటికీ నువ్వు తాతవు. పెట్టు సంతకం."

కోదండం చాలాసేపు ఆ తోక వైపే చూశాడు, ఈసారి భూతద్దం లేకుండా. తర్వాత పెన్ను అడిగి తీసుకున్నాడు.