అంత దూరం నుంచి కూడా వస్తారట!

దూరం పెరిగేకొద్దీ మనిషి మంచివాడవుతాడన్నది ఈ దేశంలో ఎవరూ చట్టం చేయకపోయినా అందరూ నిష్ఠగా పాటించే సూత్రం. పక్కవీధి వ్యాపారి దొంగ. పక్క ఊరి వ్యాపారి దొంగో కాదో విచారించాలి. దేశానికి అవతలి కొసన ఉన్నవాడు మాత్రం, వాడి ముఖం మనం ఎన్నడూ చూడలేదు కాబట్టి, పెద్దమనిషి. దూరపు కొండలు నునుపని పెద్దలు కొండల గురించే అన్నారు. మోటర్‌హోమ్‌లు అమ్మేవాళ్లు వాళ్ల కాలంలో లేరు, అదృష్టవంతులు.

స్కాట్లండ్ ఉత్తరపు కొసన, ఇంకో నాలుగడుగులు వేస్తే సముద్రంలో పడతామనిపించే థర్సో ఊళ్లో, డోలీనా స్వాన్సన్, ఆమె మొగుడు వాటీ ఈ సూత్రానికి కట్టుబడే మోటర్‌హోమ్ కొన్నారు. మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ కడుపులో పెట్టుకుని తిరిగే బండి. వాటీ ముప్పయ్యేళ్లకు పైగా థర్సోకీ విక్‌కీ మధ్య బస్సు నడిపాడు. అదే రోడ్డు, అవే స్టాపులు, బస్సెక్కగానే ఇవాళ ఆలస్యమైందని సణిగే అదే ముసలమ్మ. రిటైరయ్యాక టైంటేబుల్ లేని రోడ్డు మీద, బుద్ధి పుట్టిన చోటల్లా ఆగుతూ, పడమటి తీరమంతా నడపాలని అతని కోరిక.

ఆ కోరికకు గడువుంది. కళ్లు పరీక్షించిన డాక్టరమ్మ ఈ వేసవికి ఫరవాలేదనీ, ఆకులు రాలే వేళకు లైసెన్సు తిరిగి ఇచ్చెయ్యాల్సిందేననీ మెత్తగా చెప్పింది. డోలీనాకు డ్రైవింగ్ రాదు (ఇంట్లో బస్సు డ్రైవరుండగా నేర్చుకోవడమెందుకని మానేసింది). అంటే ఇద్దరికీ కలిపి మిగిలింది ఒక్క వేసవి.

ఊళ్లోనే జేమీ మాన్సన్ ఉన్నాడు. పాత పశువుల కొట్టంలో రెండు మూడు మోటర్‌హోమ్‌లు పెట్టుకుని అమ్ముతాడు. డోలీనాతో పాటు బళ్లో చదువుకున్నవాడు.

"ఈ తెల్లది తీసుకో డోలీనా, బాగానే నడుస్తుంది," అన్నాడు జేమీ. "కాకపోతే వెనక కిటికీ పైన వాన నీళ్లు దిగుతాయి. నేను బిగించాను. అయినా ఓ కన్నేసి ఉంచండి."

ఆ మాటతో జేమీ వ్యాపారం అయిపోయింది. ఇంటికి వస్తూ దారంతా దంపతులిద్దరూ ఆ విషయమే చర్చించారు.

"అడక్కుండానే ఒక లోపం చెప్పాడంటే, చెప్పనివి ఎన్నున్నాయో!" అన్నాడు వాటీ.

"వాళ్ల నాన్న మా మావయ్యకి కుంటి గొర్రెను అంటగట్టిన సంగతి తెలుసుగా?" అంది డోలీనా. (మావయ్యా, గొర్రే పోయి చాలా కాలమైంది. కుంటితనం మాత్రం ఆ ఇంటి పేరులో ఇంకా మిగిలే ఉంది.)

ఇక నమ్మదగినవాడి కోసం కంప్యూటరు ముందు కూర్చున్నారు. దేశం దక్షిణపు కొసన, డెవన్‌లో, పెవెరెల్ సంస్థ దొరికింది. రెండు రోజుల ప్రయాణం. ఆ సంస్థకు అఖిల దేశ విశ్వాస మండలి వారి బంగారు గొడుగు బిరుదు ఉంది. పైగా మొదటి పేజీలోనే ఓ ముసలి జంట ఫొటో, షెట్లాండ్ దీవులవాళ్లు, మ్యాగ్నీ, ఓస్లా. కింద పెద్ద అక్షరాల్లో: 'షెట్లాండ్ నుంచి కూడా మళ్లీ మళ్లీ మా దగ్గరికే వస్తారు!'

"చూశావా," అన్నాడు వాటీ. "షెట్లాండ్ నుంచట! ఓ రాత్రంతా ఓడలో పడి రావాలి. మంచివాళ్లు కాకపోతే ఎవరైనా అంత దూరం వస్తారా?"

డోలీనా పెట్టె సర్దింది. రైలెక్కారు.

పెవెరెల్ సంస్థలో నిరీక్షణ మందిరం అని ఒకటుంది. మెత్తటి సోఫాలు, గోడ నిండా ఫొటోలు. విశ్వాస వ్యవహారాల అధికారి ట్రిస్టన్ అనే నున్నటి మనిషి ఎదురొచ్చి, పేర్లు పెట్టి పలకరించి, ముందు టీ ఇప్పించాడు. ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఈ దేశపు జనానికి ఒక ఆచారం ఉంది. ఒకరి టీ చేతిలో ఉండగా వాళ్ల గురించి చెడుమాట అనరు. ఉప్పు తిన్న విశ్వాసం అందరికీ ఉండేదే, వీళ్లకు చక్కెర వేయని టీ మీద కూడా ఉంటుంది. సోఫా తగలబడుతున్నా 'ఇవాళ కాస్త వెచ్చగా ఉందండీ' అంటారు గానీ కప్పు ఖాళీ చెయ్యకుండా లేవరు. అందుకే ఫిర్యాదుల బల్ల దాకా వెళ్లాలంటే టీ బల్ల దాటి వెళ్లేలా ఆ మందిరాన్ని కట్టారు. ఆ నమూనా గీసిన ఇంజనీరుకు దండ వెయ్యాలి.

సోఫాలో ఫొటోలోని షెట్లాండ్ జంటే కూర్చుని ఉండటం చూసి డోలీనా పొంగిపోయింది.

"ఏమండీ, ఇక్కడివాళ్లు ఎలాంటివాళ్లు?" అనడిగింది.

మ్యాగ్నీ తన చేతిలోని టీ వంక చూశాడు. ఓస్లా మ్యాగ్నీ వంక చూసింది.

"బాగా చూసుకుంటారమ్మా," అన్నాడు మ్యాగ్నీ.

"మేం వస్తూనే ఉంటాం," అంది ఓస్లా.

"ఎన్నాళ్లుగా వస్తున్నారు?"

"బండి కొన్నప్పట్నుంచీ."

వాటీ మోచేత్తో డోలీనాను పొడిచాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలన్నట్టు. పొదుపు చేసిందంతా పోసి, లేత నీలం చారల బండి కొనేశారు. వాటీ స్టీరింగు పట్టుకున్నప్పుడు అతని ముఖం చూసి డోలీనాకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతోనే.

థర్సో చేరిన వారానికి మొదటి వాన పడింది. వాన బయటా పడింది, లోపల వాటీ దిండు మీదా పడింది.

సంగతి విని జేమీ వచ్చి, నిచ్చెనెక్కి చూసి, దిగాడు. "కుడి కిటికీ పైన అతుకు ఊడింది. గంట పని. రేపు వచ్చి అతికిస్తాను."

"ముట్టుకోకు జేమీ!" అని వాటీ అడ్డం పడ్డాడు. "ఇంకొకరి చెయ్యి పడితే వారంటీ పోతుంది."

"బండి లోపల వానొస్తోంది. నువ్వు వారంటీ కాగితం మాత్రం తడవకుండా దాచుకో," అని జేమీ నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పెవెరెల్ వారి నియమం చాలా స్పష్టంగా ఉంది. తేమ ఎక్కడ పుట్టినా సరే, దాన్ని డెవన్ తీసుకొచ్చి, తేమగా ఉండగానే, అధికారి సమక్షంలో హాజరుపరచాలి. సరేనని బయల్దేరారు. ఇన్వర్నెస్ దగ్గర పడమటి తీరానికి తిరిగే రోడ్డొకటి వస్తుంది. అక్కడ వాటీ వేగం తగ్గించాడు.

"వచ్చేటప్పుడు వెళదాంలే," అంది డోలీనా.

దక్షిణాన ఎండలు బాగా కాస్తున్నాయి. రెండు రోజుల ఎండకి బండి ఎండుచేపలా ఎండిపోయింది. ట్రిస్టన్ తేమ కొలిచే పరికరాన్ని గోడలకు ఆనించి ఆనించి చూసి, ఎంతో విచారంగా తల ఊపాడు. "తేమ గైర్హాజరు," అన్నాడు. తర్వాత టీ ఇప్పించాడు.

"మీకు శ్రమ ఇచ్చాం," అన్నాడు వాటీ, బిస్కెట్ కొరుకుతూ. అన్నది వాటీయే. ట్రిస్టన్ కాదు.

రెండోసారి దేవుడు కరుణించాడు. దారంతా వాన. డోలీనా దిండు మార్చి దిండు పెట్టి, గోడ తడి ఆరకుండా చంటిబిడ్డను కాపాడినట్టు కాపాడింది. తీరా డెవన్ పొలిమేరలో ఎండ కాసింది. గోడ ఆరిపోతోంది. ఆమెకు పిచ్చెక్కినట్టయి, చేతికందిన ఫ్లాస్కు వంచి ఓ గరిటెడు గోడ మీద చల్లింది. వాటీ చూడనట్టు అద్దం వంక చూశాడు.

ఈసారి పరికరం మోగింది. కానీ పెవెరెల్ సంస్థ ఊరికే నమ్మే సంస్థ కాదు (నమ్మడం కొనేవాళ్ల పని). దూది తెచ్చి, అద్ది, లోపలి గదిలో పరీక్షించి ట్రిస్టన్ తీర్పు వినిపించాడు.

"ఈ తేమలో పాలు ఉన్నాయి డోలీనా. వానలో పాలుండవు కదా. దీన్ని మేం వాడుకదారు స్వయంగా తెచ్చుకున్న తేమగా నమోదు చేశాం."

డోలీనా సిగ్గుతో చచ్చిపోయింది. బండి కారుతున్నందుకు వాళ్లు పడాల్సిన సిగ్గు కూడా ఆమే పడింది. ఆ సిగ్గు పోయేందుకు ఆవిడ చేతికి ఓ కప్పు టీ ఇచ్చారు.

మూడోసారికి తేమ తేమేనని ఒప్పుకున్నారు. కిటికీ రబ్బరు ఇటలీ నుంచి రావాలట. ఆగస్టులో ఇటలీ సెలవట. బండి అక్కడే వదిలి, రైల్లో ఇంటికొచ్చి, నెల గడిచాక మళ్లీ రైల్లో వెళ్లి తెచ్చుకున్నారు. ఎడమ కిటికీ అద్భుతంగా బాగుచేశారు. కారేది కుడిది. ఈ సంగతి దారిలో వాన పడ్డాక గానీ తెలియలేదు. "రెండు కిటికీల్లో ఒకటి బాగైంది కాబట్టి మీ ఫిర్యాదు సగం పరిష్కారమైనట్టు లెక్క," అని ట్రిస్టన్ ఫోనులో అభినందించాడు.

ఈ రాకపోకల్లోనే ఒకరోజు పెర్త్ దాటాక రోడ్డు పక్కన ఆగి, రొట్టె ముక్కలు తింటున్నారు. వాటీ చేతి గడియారం చూసుకుని లేచాడు.

"పద, టైమైంది."

"దేనికి టైము?" అంది డోలీనా.

వాటీ తడబడ్డాడు. "ఇక్కడ మనం ఇంతసేపే ఆగుతాంగా ఎప్పుడూ," అన్నాడు.

డోలీనాకు అప్పుడర్థమైంది. టైంటేబుల్ లేకుండా తిరుగుతానన్న మనిషికి మళ్లీ ఒక రూటు పడింది. అవే స్టాపులు, అదే రోడ్డు. ఈసారి సణగడానికి ముసలమ్మ కూడా లేదు. ఉన్న ముసలమ్మ తనే, తనకేమో సణగడం చేతకాదు.

ఆ పూటే ఇన్వర్నెస్ దగ్గరికి వచ్చేసరికి ఎప్పట్లాగే వేగం తగ్గింది. వాటీ కళ్లు చికిలించి, "ఆ బోర్డు మీద ఏం రాసుంది డోలీనా?" అనడిగాడు. వెనక్కి తీసుకోలేని ప్రశ్న అది. ఆ బోర్డు అతనికి ఇన్నాళ్లూ కంఠతా వచ్చు. 'పడమటి తీరం' అని ఆమె చదివి చెప్పలేదు. "థర్సోకి నేరుగా," అని అబద్ధం చెప్పింది.

సెప్టెంబరు చివర ఆఖరిసారి వెళ్లారు. అక్టోబరు మొదట్లో లైసెన్సు పోస్టులో పంపెయ్యాలి. నిరీక్షణ మందిరంలోకి అడుగు పెట్టగానే ట్రిస్టన్ చప్పట్లు కొట్టాడు. విశ్వాస మండలి నుంచి పరిశీలకుడొకాయన వచ్చి ఉన్నాడు. గోడ మీద కొత్త ఫొటో వేలాడుతోంది. వాటీ, డోలీనా, చేతుల్లో టీ కప్పులు, ముఖాల మీద మర్యాద. కింద అక్షరాలు: 'థర్సో నుంచి కూడా మళ్లీ మళ్లీ మా దగ్గరికే వస్తారు!'

"మీ వల్ల ఈ ఏడూ మాకు బంగారు గొడుగు ఖాయం," అన్నాడు ట్రిస్టన్.

"కొన్నవాళ్లు ఎన్నిసార్లు తిరిగి వచ్చారన్నదే మాకు ప్రమాణమమ్మా," అని పరిశీలకుడు వివరించాడు.

"ఎందుకొచ్చారో అడగరా?" అంది డోలీనా.

"అది మీ సొంత విషయం," అన్నాడాయన నొచ్చుకున్నట్టు. "అందులో మండలి జోక్యం చేసుకోదు."

ఎదుటి సోఫాలో కొత్త జంట ఉంది. చార్ల్‌టన్ దంపతులట, నార్తంబర్లాండ్ నుంచి వచ్చారు. ఆవిడ గోడ మీది ఫొటో వంకా, డోలీనా వంకా మార్చి మార్చి చూసి, కళ్లు మెరుస్తుండగా ముందుకు వంగింది.

"ఏమండీ, ఇక్కడివాళ్లు ఎలాంటివాళ్లు?"

అప్పుడే టీ వచ్చింది. వాటీ తన కప్పు అందుకుని, అలవాటుగా, "ఏం ఫరవాలే..." అని మొదలుపెట్టాడు. డోలీనాకు దాహంగా ఉంది, రెండు రోజుల ప్రయాణం. ట్రేలోని కప్పు వంక చూసింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. జన్మలో మొదటిసారి, పరాయిచోట, ఇచ్చిన టీ వద్దంది.

"మోసగాళ్లు," అంది. "నీళ్లు కారే బండి అంటగట్టారు. నా మొగుడికి చూపు పోతోంది. మిగిలిన ఒక్క వేసవీ ఈ రోడ్డు మీదే తినేశారు. లేచి ఇంటికెళ్లండి. మీ ఊళ్లో ఎవడైనా, తన బండిలో లోపమేంటో తనే చెప్పేవాడుంటే, వాడి దగ్గర కొనుక్కోండి."

పరిశీలకుడు కిటికీలోంచి వాతావరణం గమనించాడు. ట్రిస్టన్ చిరునవ్వు చెరగలేదు, అది ఉద్యోగంతో పాటు ఇచ్చినది. వాటీ మెల్లగా కప్పు కింద పెట్టి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

చార్ల్‌టన్ గారి భార్య పెదవులు బిగించి, టీ ఒక గుక్క తాగి, మొగుడి వైపు వాలింది. గుసగుసే గానీ డోలీనాకు ప్రతి మాటా వినబడింది.

"టీ కూడా ముట్టుకోలేదు చూశారా, అదేం మనిషండీ! వీళ్లు అంత చెడ్డవాళ్లయితే, అంత దూరం నుంచి ఇన్నిసార్లు ఎందుకొస్తుందట?"