పెట్రోలు వాసనపై గోపమ్మ వాంగ్మూలం

గాలిని, నీటిని, చప్పుడును కొలవడానికి చాలా దేశాల్లో చట్టాలున్నాయి గాని, పనివాళ్ల బండ్ల నుంచి వచ్చే వాసనను మనిషి వారీగా, తేదీ వారీగా నమోదు చేసిన ఘనత మాత్రం అజీజ్‌నగర్‌లోని పచ్చతోరణం ఫామ్‌హౌస్ యజమానుల సంఘానికే దక్కుతుంది.

ఈ ఘనతకు మూలం ఒక ఆదివారం భోజనం. ఏడో నంబరు ఫామ్‌హౌస్‌కు వచ్చిన చుట్టం ఒకాయన పప్పన్నం కలుపుకుంటూ ఆగి, "ఎక్కడో పెట్రోలు వాసన," అన్నాడు. (ఆ సమయంలో పెరట్లో డీజిల్ జనరేటర్ నడుస్తోంది. అది ఏసీ కోసం నడుస్తున్నది కనుక వాసన లెక్కలోకి రాదు.) వారం తిరగకుండా సంఘం సమావేశమై పద్నాలుగో తీర్మానం చేసింది. పనివాళ్ల బండి ఆవరణలోకి వాసన మోసుకొస్తే యాప్‌లో ఎర్ర గుర్తు. మూడు ఎర్ర గుర్తులు పడితే ఆ బండికీ, దాని మీద వచ్చే మనుషులకూ గేటు పాసు రద్దు.

ఆ పప్పు వండింది గోపమ్మ. ఎనిమిదేళ్లుగా ఏడో నంబరులో వంట ఆమెదే. చేవెళ్ల దాటి లోపలికున్న ఊరి నుంచి భర్త మైసయ్య బండి వెనక కూర్చుని, మొయినాబాద్ మీదుగా ఏడు గంటలకల్లా వంటింట్లో ఉంటుంది. ఆమెను దింపి మైసయ్య నర్సరీలో కూలికి పోతాడు. ఆ కూలి తిండికి సరిపోతుంది. కూతురు కావ్య నర్సింగు చదువు మాత్రం పూర్తిగా ఏడో నంబరు వంటింటి మీదే నడుస్తోంది. బండికి పద్నాలుగేళ్లు. సంఘం కంటే వయసులో పెద్దది.

వాసన నిర్ధారణ అధికారిగా గేటు దగ్గరి వాచ్‌మన్ సత్తయ్యను నియమించారు. మెడలో కార్డు వేశారు, చేతికి ఫోను ఇచ్చారు. ఒక్క ముక్కే తక్కువైంది. కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచి సత్తయ్యకు వాసన తెలియదు. (ఇది సంఘానికి తెలియక కాదు. వాసన తెలియని మనిషి పక్షపాతం చూపే అవకాశం లేదని కార్యదర్శి రాకేష్ సార్ సభ్యులకు వివరించారు.)

తీర్మానం అమల్లోకి వచ్చిన మొదటి రోజు సత్తయ్య బండికి అడ్డం నిలబడ్డాడు.

"అక్కా, జర ఆగు. మీ బండికి వాసనొస్తున్నదా?"

"నన్నడుగుతవేంది? నీది గద డ్యూటీ."

"నా ముక్కు పని చేస్తలేదు గద. మొన్న మా ఇంట్ల గ్యాస్ లీకైతే పక్కింటోళ్లొచ్చి చెప్పిన్రు. నువ్వే చెప్పు, నేను రాసుకుంట."

మైసయ్య వెనక్కి తిరిగి చూశాడు. లేదని చెప్పమన్న చూపు అది. కాని పొద్దున్నే అబద్ధం ఆడి పొయ్యి వెలిగిస్తే పాలు విరుగుతాయని గోపమ్మ నమ్మకం. ఏడో నంబరులో రోజూ నాలుగు లీటర్ల పాలు కాగుతాయి.

"వస్తున్నది," అంది.

మొదటి ఎర్ర గుర్తు పడింది.

దానిమీద విన్నవించుకోవడానికి యాప్‌లో వీలుంది. ఆ సాయంత్రం కావ్య ఫోను ముందేసుకుని కూర్చుంది. వాసన ఫొటో జతచేయమని యాప్ అడిగింది. ట్యాంకి ఫొటో పెడితే, వాసన స్పష్టంగా లేదని తిప్పి పంపింది. మర్నాడు ఎండలో మూత తీసి, పైకి లేచే ఆవిరి గాలిలో అలలుగా కనబడేటట్టు తీసి పెడితే ఒప్పుకుంది. (సైజు ఎక్కువైనందున వాసనను సగానికి కత్తిరించమని మాత్రం కోరింది.) ప్రత్యక్ష పరీక్ష శనివారం పెట్టింది.

మొయినాబాద్‌లో మెకానిక్ హరీష్ ట్యాంకి మూత విప్పి, లోపలి రబ్బరును గోటితో గీకాడు. అది పెచ్చులుగా రాలింది.

"రబ్బరు గట్టివడ్డది కాకా. ఎండకు పెట్రోలు ఆవిరైతది, సందులకెళ్లి బయటికొస్తది. కొత్తది ఎల్లుండి తెప్పిస్త. అప్పటిదాంక నిండ పోయించకు, మూతికి మూడు వేళ్ల కిందనే ఆపు."

ఎల్లుండి దాకా ఆగితే ఇంకో ఎర్ర గుర్తు పడుతుందని మైసయ్య భయం. ఇంట్లో పచ్చడి సీసా కారితే గోపమ్మ ఏం చేస్తుందో ఇరవయ్యేళ్లుగా చూస్తున్న మనిషి. పాలకవరు ముక్క కడిగి, తుడిచి, మూత కింద పరిచి బిగించాడు.

వాసన ఆగిపోయింది. కొంత దూరం పోయాక బండి కూడా ఆగిపోయింది. మూత తీస్తే ఉస్సుమని గాలి లోపలికి పోయింది, బండి కదిలింది. మళ్లీ ఆగింది. దారి పొడుగునా అట్లా ఆగుతూ, ఊపిరి పీల్చుకుంటూ వచ్చి, సరిగ్గా సంఘం గేటు ముందర ఐదోసారి ఆగింది. మైసయ్య మూత తీయక తప్పలేదు.

"ఇప్పుడొస్తున్నదా అక్కా?"

"మూత తీసినంక రాకుంట ఉంటదా సత్తయ్యా!"

"అంటే, వస్తున్నదనే రాసుకోవాల్నా?"

గోపమ్మకు నాలుగు లీటర్ల పాలు గుర్తొచ్చాయి. "రాసుకో," అంది.

రెండో గుర్తు.

హరీష్ ఆ కవరు ముక్కను వేళ్లతో ఎత్తి పట్టుకుని చాలాసేపు నవ్వాడు. "ట్యాంకి అంటే మామిడికాయ తొక్కు సీసానా కాకా? మూతకు సన్నటి తూటుంటది, దాంట్లకెళ్లి గాలి పోవాలె. నువ్వు దాని ముక్కు మూసినవ్." కొత్త రబ్బరు వేశాడు. పెట్రోలు మూతికి మూడు వేళ్ల కింద ఆపారు. గోపమ్మ ట్యాంకి మీదికి వంగి, పప్పు పోపు చూసినంత శ్రద్ధగా పీల్చి చూసింది. ఇనుము వాసన తప్ప మరేం లేదు. ఆ రాత్రి అన్నం సయించింది.

శనివారం పదకొండింటికి గేటు దగ్గర పరీక్ష. రాకేష్ సార్ స్వయంగా తన విదేశీ మోటారు సైకిలు మీద వచ్చారు. పెట్రోలు బంకు నుంచి నేరుగా వచ్చారు కనుక ట్యాంకి మూతి దాకా నిండి ఉంది. దాన్ని ఎండలో మైసయ్య బండి పక్కనే ఆపి దిగారు. కాసేపటికి జేబురుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నారు.

సత్తయ్య ఫోను తెరిచాడు. "అక్కా, చెప్పు."

గోపమ్మ తమ ట్యాంకి మీదికి వంగింది. వాసన లేదు. లేచి నిలబడింది. గుప్పున ఉంది.

"లేదను," అన్నాడు మైసయ్య పెదవులు కదపకుండా. "పోరి చదువు యాద్జేసుకో."

గోపమ్మ యాద్జేసుకుంది. నర్సింగు కాలేజీలో కావ్య వేసుకునే తెల్లకోటు కూడా కళ్ల ముందు మెదిలింది. కాని ఎదురుగా కార్యదర్శి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఉండగా వాసన లేదనడం ఎట్లాగో ఆమెకు తెలియలేదు.

"వస్తున్నది సార్," అంది. "మా బండికెళ్లి కాదు. మీ బండికెళ్లి."

సత్తయ్య ఫోను మీద వేలు కిందికీ పైకీ జరిపాడు.

"సార్, మీ బండి దీంట్ల లేదు సార్. పనోళ్ల బండ్లే ఎక్కించిన్రు."

"ఇక్కడున్న వాటిలో ఏది ఉంది?"

"మైసయ్యన్నదే సార్."

రాకేష్ సార్ న్యాయంగానే ఆలోచించారు. వాసన ఉన్న మాట నిజం. నిజాన్ని ఎక్కడో ఒకచోట రాయకపోతే యాప్ మీద సభ్యులకు నమ్మకం పోతుంది.

"ఆమె చెప్పింది చెప్పినట్టు రాయి," అన్నారు. "'వస్తున్నది' వరకు రాయి. తర్వాతి మాటలకు అందులో చోటు లేదు."

"తప్పు వట్టకు అక్కా," అంటూ సత్తయ్య నొక్కాడు.

ఏడో నంబరు యజమానురాలు సంజన మేడం నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. "నువ్వు లేకుంటే నాకు వంటింట్లోకి పోవాలనిపించదు గోపమ్మా. కాని రూలు అందరికీ ఒక్కటే కదా," అంది. మరోచోట పని దొరకడానికి పనికొస్తుందని, సంఘం ముద్రతో ఒక ఉత్తరం కూడా ఇప్పించింది.

ఇంటికొచ్చాక కావ్య దాన్ని పైకి చదివింది.

"గోపమ్మ ఎనిమిదేళ్లు ఏడో నంబరులో వంట చేశారు. రుచి: చాలా బాగు. వేళకు రావడం: చాలా బాగు. నిజాయితీ: ఈమె అబద్ధమాడదనడానికి సంఘం దగ్గర మూడు ఎర్ర గుర్తులు ఆధారంగా ఉన్నాయి."